ఎడమ జేబు కింద

(హన్మకొండలో రిటైర్డ్ ఆర్టీసీ కార్మికులు నెలకోసారి కలుసుకునే చోట ఒక మాజీ డ్రైవర్ చేసిన ప్రసంగం. ఆయన మాట్లాడిన తీరులోనే రాసుకున్నాం. రెండోసారి చెప్పిన మాటలు మాత్రం తీసేశాం.)

అన్నలకు, తమ్ముళ్లకు, వెనక వరసలో కూర్చున్న వదినలకు నమస్కారం.

మైకు నాకు అలవాటు లేదు. ముప్ఫై ఏళ్లు జనాన్ని వెనక కూర్చోబెట్టుకుని ముందుకు చూస్తూ పనిచేసినవాణ్ని. ఇట్లా మొహాలన్నీ ఎదురుగా కనబడితే కొంచెం టెన్షన్‌గానే ఉంది.

పోయిన నెల షుగరు గురించి మాట్లాడుకున్నాం, అంతకుముందు నెల మోకాళ్ల గురించి. ఈసారి నువ్వు మాట్లాడు అన్నప్పుడు మన సెక్రటరీ అన్న "బోర్డు మీద ఏమని రాయాలె?" అని అడిగాడు. రొమ్ము క్యాన్సర్ అని రాయమన్నాను. అన్న చాక్‌పీసు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. చివరికి ఏం రాశాడో మీరే చూడండి, "ఆరోగ్య సమస్యలు" అని. నవ్వకండి, నేనేమీ అనుకోలేదు. నేను కూడా నాలుగు నెలలు అట్లాగే చెప్పుకుని తిరిగాను. ఒకరికి గ్యాస్ అన్నాను, ఇంకొకరికి కండరం పట్టింది అన్నాను.

అసలు ఆ మాటకు ఎందుకు జంకుతామో నాకు ఇప్పటికీ అర్థం కాదు. రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు అంటాం. ఎవరిని అంటాం? మగవాణ్నే కదా. ఏడ్చేటప్పుడు రొమ్ము బాదుకుంటాం. అప్పుడెప్పుడూ అది ఆడవాళ్ల మాట కాలేదు. పక్కన క్యాన్సర్ అని చేరగానే మగవాళ్ల ఒంటి మీద నుంచి ఆ భాగమే మాయమైపోతుంది. డాక్టరు నాకు మొదట చెప్పిన మాట ఇదే. మగవాళ్లకు కూడా చనుమొన వెనక కొంచెం అదే కణజాలం ఉంటుంది, ఎదగదు అంతే. ఉన్నచోట రోగం రావచ్చు. వంద రొమ్ము క్యాన్సర్లలో దాదాపు ఒకటి మగవాళ్లది. ఎక్కువగా అరవై దాటాక బయటపడుతుంది. నాకు యాభై ఆరుకే వచ్చింది. ఎందుకో తర్వాత చెప్తాను.

2019 సమ్మె మీలో ఎవరూ మరిచిపోయి ఉండరు. అక్టోబరు 5న మొదలై 52 రోజులు. ఒకరోజు ధర్నా నుంచి వచ్చి పొలంలో బావి మోటారు దగ్గర స్నానం చేస్తున్నాను. సబ్బు రుద్దుతుంటే ఎడమ చనుమొన వెనక గట్టిగా తగిలింది. చింతగింజంత ఉంది. నొప్పి లేదు. ఇదే మోసం. నొప్పి ఉంటే మర్నాడే చూపించుకునేవాణ్ని. పుండు సలిపితే ఊరుకుంటామా? సలపలేదు కాబట్టి ఊరుకున్నాను. బస్సు గుంతలో పడ్డప్పుడు ఎప్పుడో స్టీరింగు తగిలి ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

సమ్మె ముగిసింది, డ్యూటీలో చేరాం. డిసెంబరులో ఒక డాక్టరుకు చూపించాను. ఆయన చొక్కా పైనుంచే ఒక వేలు పెట్టి చూసి, కొవ్వు గడ్డ, ఏం కాదు అన్నాడు. ఆయన్ని తప్పుపట్టడం లేదు, చొక్కా విప్పమని ఆయన అనలేదు, విప్పుతానని నేనూ అనలేదు. ఇద్దరికీ మొహమాటమే.

సంక్రాంతి దాటాక మా ఇంటామె బట్టలు ఉతుకుతూ బనియన్ తెచ్చి చూపించింది. ఎడమ పక్కన గోధుమ రంగు చుక్క. జేబులో పెన్ను కారిందేమో అన్నాను. "ఖాకీ మీద లేదు, బనియన్ మీదనే ఉంది. పెన్ను లోపలినుంచి కారుతదా?" అంది. అద్దంలో చూసుకుంటే చనుమొన లోపలికి పీక్కుపోయి ఉంది.

తర్వాత మా బిడ్డ ఫోన్లో వెతికి ఒక సంగతి చెప్పింది. అమెరికాలో బియాన్సే అని పెద్ద గాయని ఉంది. వాళ్ల నాన్న మాథ్యూ నోల్స్‌కు కూడా ఇదే రోగం. ఆయన కూడా చొక్కా మీద మళ్లీ మళ్లీ ఎర్ర చుక్క కనబడితే పరీక్ష చేయించుకున్నాడట. ఆ సంగతి లోకానికి చెప్పింది 2019 అక్టోబరులో. అంటే మనం ఇక్కడ డిపో గేటు ముందు కూర్చున్న రోజుల్లో, నేను బావి దగ్గర చింతగింజను తడుముకున్న రోజుల్లో. ఆయన వెంటనే డాక్టరు దగ్గరికి పోయాడు. నేను మేడారం డ్యూటీకి పోయాను.

అవును. 2020లో జాతర ఫిబ్రవరి 5 నుంచి 8 వరకు. జాతర డ్యూటీ అంటే మీకు చెప్పాలా? బస్సులోనే నిద్ర, బస్సులోనే తిండి. తల్లుల పని చూసుకుని తర్వాత నా పని చూసుకుందాం అనుకున్నాను. దుమ్ములో, జనంలో నాలుగు రోజులు తిప్పాను. గేరు వేసినప్పుడల్లా చంకలో ఏదో అడ్డం తగిలినట్టు ఉండేది. అప్పటికే చంకలో బిళ్ల కట్టిందన్నమాట.

జాతర నుంచి వచ్చాక ముక్క పరీక్ష, స్కానింగు. మమోగ్రామ్ కూడా తీశారు. రెండు పలకల మధ్య పెట్టి నొక్కుతారు. మనకు నొక్కడానికి అక్కడ ఏముంది? ఆ టెక్నీషియన్ అమ్మాయి నా చర్మం పట్టి లాగి, "కొంచెం ఓపిక పట్టండి అంకుల్" అంటూ చాలా అవస్థ పడింది. ఆ గది బయట కుర్చీల్లో అందరూ ఆడవాళ్లే. గోడ మీద గులాబీ రంగు బొమ్మలు. నా పేరు పిలిచి, మా ఇంటామెను చూసి "లోపలికి రండమ్మా" అన్నారు. తను నా వైపు చూపించింది. కుర్చీల్లో వాళ్లంతా ఒక్కసారి తల తిప్పారు. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. నింపాల్సిన ఫారంలో నెలసరి ఎప్పుడు మొదలైంది, కాన్పులెన్ని అని ఉంది. అడ్డంగా గీత కొట్టాను. ఆ తర్వాత ఐదేళ్లలో అట్లాంటి గీతలు ఎన్ని కొట్టానో లెక్కలేదు.

మార్చి మొదటి వారంలో హైదరాబాదులో ఆపరేషన్. ఎడమ రొమ్ము మొత్తం, చంకలో బిళ్లలు తీసేశారు. పక్కన గొట్టం పెట్టి ఒక సీసా తగిలిస్తారు, అందులోకి నీరు దిగుతుంది. పన్నెండు రోజులు ఆ సీసా సంచిలో వేసుకుని తిరిగాను. లుంగీ మీద పొడుగు చొక్కా, చొక్కా కింద సంచి. చూడ్డానికి వచ్చినవాళ్లకు గుండె ఆపరేషన్ అని చెప్పాను. గుండెకైతే గౌరవం ఉంది కదా! కొబ్బరి నీళ్లు తెచ్చేవాళ్లు.

కీమో మొదలయ్యే వేళకు లాక్‌డౌన్ వచ్చింది. బస్సుల్లేవు, రైళ్లు లేవు. చూడండి విచిత్రం. ఈ నూట యాభై కిలోమీటర్ల రోడ్డు మీద నేను ఎన్ని లక్షల మందిని దింపి ఉంటాను? నన్ను దింపడానికి ఒక్క బస్సు లేదు. మా అల్లుడి వరస పిల్లవాడు పోలీసు పాస్ తీసుకుని కారులో తీసుకుపోయేవాడు. జనగామ, ఆలేరు, భువనగిరి, ఎక్కడా మనిషి లేడు. ఆ ఖాళీ రోడ్డు చూసి నేను ఏడ్చాను. రోగానికి ఏడ్వలేదు, ఆ రోడ్డుకు ఏడ్చాను.

ఎర్ర మందు అంటారు, ఎర్రగా ఉంటుంది, మూడు వారాలకోసారి నాలుగు సార్లు ఎక్కించారు. మూడో వారానికి జుట్టు పోయింది. జుట్టు పోతే పోయింది, తిరుపతి పోయొచ్చాం అనుకుంటారు. మీసం పోయింది. పద్దెనిమిదేళ్లప్పటి నుంచి ఉన్న మీసం. అద్దంలో మా నాన్న శవం కనబడ్డట్టయింది. కరోనా వల్ల నాకు జరిగిన మేలు ఒక్కటే, మాస్కు. మీసం లేదని ఊళ్లో ఎవరికీ తెలియలేదు.

తర్వాత ఇంకో రకం మందు నాలుగు సార్లు. దాంతో వేళ్లకు, పాదాలకు తిమ్మిర్లు. చొక్కా గుండీ పెట్టుకోవడానికి పది నిమిషాలు పట్టేది. గుండీ పట్టుకున్నానో లేదో వేళ్లకు తెలియదు. డ్రైవర్లకు చెప్తే అర్థమవుతుంది, క్లచ్ మీద కాలు ఉందో లేదో తెలియకపోతే ఎట్లా ఉంటుంది? ఇంటి ముందు పాత స్కూటర్ స్టార్ట్ చేసి చూసుకుని, వెంటనే ఆపేశాను. ఆ తిమ్మిరి తగ్గడానికి ఏడాది పైన పట్టింది. కాలి బొటనవేలి దగ్గర ఇప్పటికీ కొంచెం ఉంది.

ఆ కీమో హాల్లో నాకు చదువు చెప్పింది మాత్రం ఆడవాళ్లే. ఇది చెప్పకపోతే నేను అబద్ధం ఆడినట్టే. మొదటి రోజు మొహం గోడ వైపు తిప్పుకుని కూర్చున్నాను. మహబూబాబాద్ వైపు నుంచి వచ్చిన ఒకామె, కూలికి పోయే మనిషి, నా పక్క కుర్చీలోకి వచ్చి కూర్చుని, "అన్నా, నీకెప్పుడు కోసిండ్రు? చెయ్యి లేస్తుందా?" అని అడిగింది. బస్టాండులో బస్సు ఎప్పుడొస్తదని అడిగినంత మామూలుగా. లేవడం లేదన్నాను. లేచి నన్ను గోడ దగ్గర నిలబెట్టింది. గోడ మీద రెండు వేళ్లతో చీమ పాకినట్టు పైకి పోవాలి. పోయినంత మేర బొగ్గుతో గీత పెట్టుకోవాలి, రేపు ఆ గీత దాటాలి. ఫిజియోథెరపీ కాగితం మీద ఉన్నది కూడా అదే. కానీ కాగితం చూసి నేను చేయలేదు, ఆమె చెప్తే చేశాను. మా ఇంటి వంటగది పక్కన గోడకు ఆ గీతలు ఇంకా ఉన్నాయి, సున్నం వేయనివ్వలేదు. నోట్లో పుండ్లకు చల్లటి పెరుగన్నం, మందు ఎక్కేటప్పుడు ఐసు ముక్క చప్పరించడం, వాంతి వచ్చేట్టుంటే ఏం వాసన చూడాలి, అన్నీ వాళ్లే చెప్పారు. మగ రోగులకు అట్లా చెప్పుకునే గుంపు లేదు. ఎందుకంటే ఇంకో మగ రోగి నాకు కనబడటానికే ఎనిమిది నెలలు పట్టింది.

ఆయన జనగామ వైపు గీత కార్మికుడు. కరెంటు పెట్టించుకునే దగ్గర కలిశాడు. కరెంటు అంటే రేడియేషన్. ఆయన సంగతి వింటే నా డ్రైవింగు ఏపాటి అనిపించింది. తాటిచెట్టు ఎక్కడమంటే మోకు, ముత్తాదు అనే తాళ్లు కట్టుకుని, ఛాతీ చెట్టుకు ఆనించి పైకి పాకడం. ఆయనకు గడ్డ వచ్చిన చోటు చెట్టుకు రాసుకునే చోటే. పుండు పడితే చెట్టు గీరుకుందనుకుని పసుపు పెట్టుకుంటూ ఏడాది గడిపాడు. ఆపరేషన్ తర్వాత చర్మం ఎముకకు అతుక్కుపోయి ఉంటుంది, మధ్యలో కండ లేదు. ఆ ఛాతీతో చెట్టును ఎట్లా కౌగిలించుకుంటాడు? ఇప్పుడు కొడుకు ఎక్కుతున్నాడు, ఈయన కింద కల్లు అమ్ముతున్నాడు. "చెట్టు కింద కూసునుడు ఇంకా అలవాటు కాలేదన్నా" అంటాడు ఫోన్లో.

మీలో చాలామందికి పొలాలున్నాయి కాబట్టి చేతి సంగతి కొంచెం వివరంగా చెప్తాను. చంకలో బిళ్లలు తీసేస్తే ఆ చేతిలో ఊట నీరు పైకి పోయే దారి తగ్గుతుంది. దెబ్బ తగిలి చీము పట్టినా, కాలినా చెయ్యి వాచి కూర్చుంటుంది. వాపు ఒకసారి ముదిరితే పూర్తిగా పోవడం కష్టం. పత్తి ఏరేటప్పుడు కాయ అంచులు గీరుకోవడం మనకు లెక్కలోది కాదు. ఇప్పుడు నాకు అది లెక్క. పొడుగు చేతుల చొక్కా లేకుండా చేన్లోకి దిగను. మందు కొట్టే పంపు, పదహారు లీటర్లది, దాని పట్టీ సరిగ్గా మచ్చ మీద నుంచి పోతుంది. ఒకసారి మొండిగా భుజాన వేసుకుని అరెకరం కొట్టాను. మర్నాటికి చెయ్యి ముంజకాయలా తయారైంది. ఉంగరం కోయించాల్సి వచ్చింది. అట్లాగని ఆ చేత్తో ఏ పనీ చేయొద్దని కాదు. మొదట్లో నేను అట్లాగే దాచుకున్నాను, భుజం బిగుసుకుపోయింది. బరువు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. మొదట చెంబు నీళ్లు, తర్వాత బిందె. ఇప్పుడు మనవణ్ని ఎత్తుకుంటున్నాను, బియ్యం బస్తా మాత్రం ముట్టను. రక్తం తీసేటప్పుడు, బీపీ చూసేటప్పుడు కుడి చెయ్యి ఇస్తాను.

ఉద్యోగం సంగతి ఒక్క మాటలో. స్టీరింగు పట్టలేదు మళ్లీ. రిటైరయ్యేదాకా లైట్ డ్యూటీ. అది వేరే కథ, ఇప్పుడొద్దు.

కరెంటు అయ్యాక మాత్రలు. మగవాళ్ల ఒంట్లో కూడా ఆడ హార్మోను కొంత ఉంటుంది. మగవాళ్ల రొమ్ము క్యాన్సర్లలో పదింటికి తొమ్మిది ఆ హార్మోను మీద బతికేవే. దానికి టామోక్సిఫెన్ అని రోజుకొక మాత్ర, కనీసం ఐదేళ్లు. మందుల షాపులో చీటీ ఇస్తే ఆ పిల్లవాడు "అక్కకు ఎట్లుంది అంకుల్?" అనేవాడు. బాగుంది అనేవాణ్ని. రెండేళ్లు లేని జబ్బు మా ఇంటామెకు అంటగట్టి తిరిగాను. ఒకరోజు ఆమే వచ్చి కౌంటర్ దగ్గర నిలబడి, "నాకు కాదు బిడ్డా, మీ అంకుల్‌కు" అని చెప్పింది. ఆ పిల్లవాడేం నవ్వలేదు. "ఇంకా ఇద్దరు తీసుకుపోతారు అంకుల్" అన్నాడు. ఇద్దరు! ఆ ఒక్క షాపులోనే. వాళ్లెవరో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ మాత్రతో ఒంట్లో ఆవిర్లు వస్తాయి. చలికాలం అర్ధరాత్రి లేచి ఫ్యాను వేసుకునేవాణ్ని. "నాకు ఆగిపోయింది, నీకు మొదలైందా?" అని మా ఇంటామె నవ్వేది. బరువు పెరిగాను, చిన్నదానికి కోపం. కాళ్లలో రక్తం గడ్డకట్టే అవకాశం ఉంటుంది కాబట్టి ఎక్కువసేపు కదలకుండా కూర్చోవద్దన్నారు, పిక్క వాచి నొప్పిపెడితే వెంటనే రమ్మన్నారు. ఇంకోటి ఉంది, వదినలున్నారని దాచను. ఆలుమగల కోరిక తగ్గుతుంది. చాలామంది మగవాళ్లు ఈ మాత్రను మధ్యలో మానేసేది దీనికే. ఎవరికీ చెప్పరు, డాక్టరుకు కూడా చెప్పరు, డబ్బా తెచ్చి అల్మారాలో పెడతారు. శక్తి మాత్రలు, పొడులు కొంటారు. వాటిలో మగ హార్మోను ఉంటే ఒంట్లో అది కొంత ఆడ హార్మోనుగా మారుతుంది, రోగానికి మనమే మేత వేసినట్టు. నేను మూడు వారాలు ఆపాను. తర్వాత డాక్టరు దగ్గర ఒప్పుకున్నాను. ఆయన తిట్టలేదు, "ఈ మాట అడగడానికి మీకు ఏడాదిన్నర పట్టింది" అన్నాడు. ఇంట్లో కూర్చుని ఇద్దరం మాట్లాడుకున్నాం. ఏం మాట్లాడుకున్నామో మీకు చెప్పను.

ఇక చొక్కా. ఎండాకాలం వాకిట్లో మంచం వేసుకుని బనియన్ కూడా లేకుండా పడుకునే మనుషులం మనం. బావి దగ్గర, చెరువు గట్టున, కటింగ్ షాపులో చొక్కా తీయడం ఒక పనే కాదు. ఆపరేషన్ తర్వాత నేను రెండు వేసవులు గదిలో తలుపేసుకుని పడుకున్నాను. 2022 జాతరకు మొదటిసారి ప్రయాణికుడిగా పోయాను. జంపన్న వాగులో అందరూ చొక్కాలు విప్పి దిగుతున్నారు, నేను చొక్కాతోనే మునిగాను. పక్కనున్న ముసలాయన "గదేంది, చొక్కాకు కూడా పుణ్యమా?" అన్నాడు. ఆ ఏడాదే బిడ్డ పెళ్లి. కన్యాదానానికి అయ్యగారు చొక్కా తీయమన్నారు. నెల రోజుల ముందు నుంచి నాకు అదే బెంగ. కట్నం గురించి కూడా అంత ఆలోచించలేదు. చివరికి చూస్తే కండువా వేసేది ఎడమ భుజం మీదుగానే కదా! ఎవరు పెట్టారో ఆ పద్ధతి, నాకోసమే పెట్టినట్టుంది. కుడి పక్క గడ్డ వచ్చి ఉంటే ఏం చేసేవాణ్నో.

యాభై ఆరుకే ఎందుకొచ్చిందని అన్నాను కదా. ఊబకాయం, లివరు పాడైపోవడం, చిన్నప్పుడు ఛాతీకి కరెంటు పెట్టించుకుని ఉండటం, పుట్టుకతో క్రోమోజోముల తేడా, ఇట్లా కారణాలు కొన్ని చెప్తారు. నాది వేరు. మగవాళ్లకు ఈ రోగం వస్తే జీన్ పరీక్ష చేయించడం మంచిదని చెప్పి రక్తం పంపారు. బీఆర్‌సీఏ2 అనే జీన్‌లో లోపం ఉంది. మామూలు మగవాళ్లలో జీవితం మొత్తంలో వెయ్యికి ఒక్కరికి వచ్చే రోగం, ఈ లోపం ఉంటే నూటికి ఆరేడుగురికి వస్తుంది. అప్పుడు గుర్తొచ్చింది, మా మేనత్త నలభై రెండేళ్లకు రొమ్ములో పుండు పడి పోయింది. ఆడవాళ్ల రోగం ఆడవాళ్ల వైపే పోతుంది అనుకున్నాం. మా నాన్న మీదుగా నాకు వచ్చిందని ఎవరూ అనుకోలేదు. నా పిల్లల్లో ఒక్కొక్కరికి ఆ లోపం రావడానికి సగం అవకాశం. బిడ్డకు లేదని వచ్చింది. కొడుక్కు ఉంది. వాడికి ఇరవై తొమ్మిది. ముప్ఫై ఐదు నుంచి రొమ్ము చూసుకోవాలి, ఏటా డాక్టరుకు చూపించుకోవాలి, నలభై నుంచి ప్రోస్టేట్ పరీక్షలు. అవన్నీ వాడు రాసుకున్నాడు. వాడు అడిగింది వేరే ప్రశ్న. "పెళ్లిచూపుల్లో చెప్పాల్నా బాపు?" చెప్పాలన్నాను. రెండు సంబంధాలు పోయాయి. చెప్పడం సరైందో కాదో నాకిప్పుడు తెలియదు, మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

ఖర్చు గురించి ఒకరు అడుగుతున్నారు. రేషన్ కార్డు ఉన్నవాళ్లకు ఆరోగ్యశ్రీ ఉంది, 2023 డిసెంబరులో పరిమితి ఐదు లక్షల నుంచి పది లక్షలకు పెంచారు. ఏ ఆసుపత్రిలో ఏది వర్తిస్తుందో ముందే ఆరోగ్యమిత్రను అడగండి.

ఒక చీటీ కూడా వచ్చింది. పేరు రాయలేదు. "మా అన్నకు రెండు వైపులా మెత్తగా ఉబ్బింది, ముట్టుకుంటే నొప్పి, అది కూడా ఇదేనా?" అని ఉంది. రెండు వైపులా, మెత్తగా, నొప్పిగా ఉంటే చాలా వరకు వేరే సమస్యే. కొన్ని మందుల వల్ల, లివరు వల్ల, వయసు వల్ల వస్తుంది. ఒకే పక్క, గట్టిగా, నొప్పి లేకుండా, చనుమొన వెనకాల ఉంటే, మొన లోపలికి పోతే, చుక్క కారితే, చంకలో బిళ్ల ఉంటే అప్పుడు నాలాగా జాతర దాకా ఆగొద్దు. ఏదైనా సరే చూసి చెప్పాల్సింది డాక్టరు, రిటైరైన డ్రైవర్ కాదు.

అయితే చీటీలో "మా అన్నకు" అని రాశారు. సరే, అన్నకే అనుకుందాం. చాయ్ వచ్చినట్టుంది. తాగాక నేను ఆ వెనక గదిలో ఉంటాను. ఆపరేషన్ మచ్చ ఎట్లా ఉంటుందో చూడాలన్నా, నాతో ఆసుపత్రికి తోడు రమ్మని అడగాలన్నా అన్నను అక్కడికి పంపండి. ముందు నా చొక్కా నేనే విప్పుతాను. తలుపు గడియ కూడా నేనే వేస్తాను.